పద్నాలుగో మంచం మీకేమవుతుంది?

కండక్టరమ్మ తన కాళ్ళ మీద తాను నడిచి ఆసుపత్రికి వచ్చింది. ఈ మాట ఆవిడ కోడలు తర్వాత ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ గొంతు పెంచే చెప్పింది. ఎందుకంటే ఆరో రోజుకల్లా ఆసుపత్రి కాగితాల్లో "రోగి మంచం పట్టి ఉన్నారు" అని రాసి ఉంది. ఎప్పటి నుంచి, ఎవరి వల్ల అన్నది మాత్రం ఎవరూ రాయలేదు.

ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయింది. కిక్కిరిసిన బస్సులో ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా మోచేతులతో దారి చేసుకుంటూ వెళ్ళిన మనిషి. షుగరు, బీపీ, నీరసించిన గుండె, సగం పనిచేసే కిడ్నీలు, అరిగిపోయిన మోకాళ్ళు. "నా ఒంట్లో ఐదుగురు అద్దెకున్నారు. ఒకడికీ ఒకడికీ పడదు. మధ్యలో ఇంటి ఓనర్ని నేను చస్తున్నాను" అనేది.

కోడలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ మాస్టరు. పొడవాటి బల్ల మీద గుడ్డ పొరలు పొరలుగా పరిచి, సుద్దతో గీసి, రెండుసార్లు కొలిచి, అప్పుడు కత్తెర పెట్టే పని. ఒకసారి కత్తెర పడ్డాక గుడ్డ వెనక్కి రాదు. ఆ పనిలో ఆమెని పెట్టింది అత్తగారే. పెళ్ళైన ఏడాదికి, "ఇంట్లో కూర్చుని నా మొహం నువ్వూ, నీ మొహం నేనూ ఎంతకాలం చూసుకుంటాం? చేతిలో పనున్నదాని మాట చెల్లుతుంది. పో" అని స్వయంగా వెంటబెట్టుకుని వెళ్ళి చేర్పించింది. ఫ్యాను వేగం దగ్గర్నుంచి టీవీ శబ్దం దాకా ఇద్దరికీ ప్రతిదానికీ పేచీయే. అయినా ఆ పేచీల్లో మూడో మనిషి వేలు పెడితే ఇద్దరూ కలిసి వాడి మీద పడేవాళ్ళు. ఆ మూడో మనిషి సాధారణంగా కొడుకే అయ్యేవాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, నెమ్మదస్తుడు. "ఎందుకులే గొడవ" అన్నది అతని ఊతపదం.

మోకాళ్ళ నొప్పులు ఎక్కువైతే మూడు వారాల కిందట అదే ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకి చూపించారు. ఆయన ఎక్స్‌రే పైకెత్తి వెలుతురులో చూశాడు, ఆవిడ వైపు చూడలేదు. నొప్పి మాత్ర రాశాడు. మిగతా చీటీలు చూపించబోతే, "అవి నాకెందుకమ్మా, నాది మోకాళ్ళ వరకే" అన్నాడు. నొప్పి తగ్గింది. కాళ్ళు మాత్రం ఉబ్బడం మొదలెట్టాయి. తర్వాత ఆయాసం. ఒక గురువారం పొద్దున మెట్లు దిగుతూ మూడోమెట్టు మీద కూర్చుండిపోయి, "ఊపిరి అందట్లేదే అమ్మాయ్" అంది. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళారు. గేటు దగ్గర చక్రాల కుర్చీ తెస్తానంటే, "నేనేం బస్తానా మోసుకెళ్ళడానికి?" అని కోడలి భుజం పట్టుకుని వార్డు దాకా నడిచింది.

చేర్చుకునే చోట డ్యూటీ డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగాడు. కోడలు గుడ్డసంచి బల్ల మీద పెట్టింది. అతను సంచి మూతి కూడా విప్పలేదు. "ఇవి ఇంటికి పట్టుకెళ్ళండి. ఇక్కడ మందులు మేమే ఇస్తాం" అన్నాడు. సంచి ఇంటికి పోయింది. దాంతోపాటే ఆయాసం ఎందుకు వచ్చిందన్న జవాబూ ఇంటికి పోయింది. అది కోడలికి అప్పుడు తెలీదు.

వార్డులో రెండు వైపులా ఎనిమిదేసి మంచాలు. అత్తగారిది ఆరో నంబరు. నడవకి అవతల, సరిగ్గా ఎదురుగా పద్నాలుగో నంబరు మంచం మీద ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేది. సన్నగా, చీపురుపుల్లలా ఉండేది. ఎవరు ఏది ఇస్తే అది మింగేది. ఏదీ అడిగేది కాదు. "పద్నాలుగు బంగారం. ఉన్నట్టే తెలీదు" అని నర్సు మెచ్చుకునేది. ఆవిడకి మేనల్లుడు ఒక్కడే ఉన్నాడు, ఆదివారాలు వస్తాడు.

మొదటి రెండు రోజుల్లో అత్తగారి దగ్గరికి నలుగురు డాక్టర్లు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. గుండె డాక్టరు ఒంట్లో నీరు తియ్యడానికి ఇంజెక్షన్లు రాశాడు. కిడ్నీ డాక్టరు వచ్చి నీరు మరీ ఎక్కువగా తీసేస్తున్నారన్నాడు. అన్నది నర్సుతో, గుండె డాక్టరుతో కాదు. షుగరు డాక్టరు ఇన్సులిన్ పెంచాడు. ఎముకల డాక్టరు తరఫున ఎవరో వచ్చి ఇంకో మాత్ర కలిపి పోయారు. ఎవరికి వారే యమునా తీరే. ఎవరొచ్చినా మంచం చివర తగిలించిన అట్టలో తమ కాగితం ఒకటే చూసుకుని, కింద గీసి, వెళ్ళిపోయేవారు.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి కడుపు స్కానింగ్ అన్నారు. ఏమీ తినకూడదన్నారు. కోడలు ఆ రోజు సెలవు పెట్టింది. ఏడింటికి ఇన్సులిన్ పొడిచారు. తొమ్మిదయింది, పదయింది. "యంత్రం ఖాళీ లేదు, ఆగండి" అన్నారు. పదకొండున్నరకి అత్తగారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, కోడలి వైపు చూసి, "ఏ స్టాపమ్మా నీది?" అంది.

కోడలు ముందు నవ్వింది. తర్వాత అత్తగారి నుదురు ముట్టుకుంది. చల్లటి చెమట. చేతులు వణుకుతున్నాయి. పరుగెత్తుకెళ్ళి నర్సుతో చెప్పింది.

"పెద్దవాళ్ళు కదండీ, చోటు మారితే అలాగే మాట్లాడతారు" అంది నర్సు, రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండా.

"సిస్టర్, పొద్దున ఇన్సులిన్ ఇచ్చారు. ఇంతవరకు మెతుకు పెట్టలేదు. షుగరు పడిపోయింది. వచ్చి చూడండి."

"స్కానింగ్ ఉంది కదా, ఏమీ పెట్టకూడదు."

కోడలు వెనక్కి తిరిగింది. టీల బల్ల మీద ఉన్న పంచదార డబ్బా మూత తీసి, గుప్పెడు తీసి నీళ్ళలో కలిపి, అత్తగారి తల ఎత్తిపట్టి చెంచాతో పోసింది. నర్సు "ఏం చేస్తున్నారండీ" అంటూ వచ్చి, వేలు పొడిచి చూసింది. షుగరు నలభై ఒకటి. ఆమె మొహం తెల్లబోయింది. గ్లూకోజు సీసా పట్టుకుని నిజంగానే పరుగెత్తింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పదహారు మంచాలకీ ఆమె ఒక్కతే. కానీ ఆ లెక్క ఎవరు వేశారో వాళ్ళని కదా అడగాలి, అనుకుంది కోడలు. స్కానింగ్ ఒంటిగంటకి అయింది. అందులో ఏమీ లేదని చెప్పారు.

మర్నాడు మొగుడితో చెబితే, "ఇప్పుడు బాగుంది కదా. డాక్టర్లతో పెట్టుకుంటే మన పనే చెడుతుంది. ఎందుకులే గొడవ" అన్నాడు.

"మీ అమ్మ నన్ను ఏ స్టాపని అడిగింది. ఇంకో అరగంట అయితే ఆవిడ స్టాపే వచ్చేసేది" అంది కోడలు. అతను తలొంచుకున్నాడు.

ఆరో రోజు పొద్దున ఏడింటికి, తలుపులు తియ్యగానే, కోడలు వార్డులో అడుగుపెట్టేసరికి అత్తగారి రెండు చేతులూ మంచం కమ్మీలకి బ్యాండేజీ గుడ్డతో కట్టేసి ఉన్నాయి.

అత్తగారు పైకప్పు వైపు చూస్తోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళజోడు లేదు, చెవి మిషను లేదు. రెండూ మంచం పక్క సొరుగులో కాగితంలో చుట్టి పెట్టారు. చూపు ఆనని, మాట వినపడని మనిషి చుట్టూ రాత్రంతా తెల్లబట్టల వాళ్ళు కదులుతుంటే, ఆవిడ భయపడి లేవబోయింది. లేవబోతే నిద్రమాత్ర ఇచ్చారు. దానికి ఇంకా తికమకపడింది. అప్పుడు కట్టేశారు.

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. సంచిలో దారాలు తెంపే చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటుంది. తీసి, ఒక్కో కట్టూ కోసింది. మణికట్టు మీద ఎర్రటి చారలు.

"ఆగండి, అలా తియ్యకూడదు! ఆవిడ పడిపోతే బాధ్యత ఎవరిది?" అని కొత్త నర్సు అరిచింది.

"కట్టేసినప్పుడు ఎవరిదండీ బాధ్యత?" కోడలి గొంతు వార్డు చివరిదాకా వినపడింది. "కట్టేసే ముందు కళ్ళజోడు పెట్టి చూశారా? చెవి మిషను పెట్టి, 'అమ్మా, ఇది ఆసుపత్రి' అని ఒక్క మాట చెప్పి చూశారా? పిచ్చికుక్కనైనా కట్టేసే ముందు కరుస్తుందో లేదో చూస్తారు!"

చెవి మిషను పెట్టి, కళ్ళజోడు తుడిచి తగిలించింది. అత్తగారి కళ్ళు మెల్లగా ఆమె మొహం మీద కుదురుకున్నాయి.

"నువ్వా" అంది. "నన్ను ఎవరో దొంగతనం చేశానని పట్టుకున్నారనుకున్నానే." ఆ మాటతో పాటు కళ్ళలోంచి నీళ్ళు జారి చెవుల్లోకి పోయాయి. ముప్ఫైయేళ్ళ కాపురంలో అత్తగారు ఏడవడం కోడలు చూసింది అదే మొదటిసారి. మామగారు పోయినప్పుడు కూడా ఆవిడ ఇలా ఏడవలేదు.

బాత్రూముకి తీసుకెళ్దామని లేపితే ఆవిడ కాళ్ళు నిలబడలేదు. ఆరు రోజులుగా మంచం దింపలేదు. ఎడం మడమ మీద రూపాయి బిళ్ళంత పుండు.

ఆ రోజు కోడలు పనికి వెళ్ళలేదు. నర్సు తెచ్చే ప్రతి మాత్రకీ "రేకు చూపించండి" అని అడిగి పేరు రాసుకుని, ఖాళీ రేకు అడిగి తీసుకుంది. సాయంత్రానికి పంతొమ్మిది రకాలయ్యాయి. ఇంటికి ఫోను చేసి, మొగుడి చేత పాత గుడ్డసంచి తెప్పించింది. పెద్ద అక్షరాల పేర్లన్నీ వేరు. కానీ ఆమె కళ్ళు గుడ్డలో పోగు తేడా పట్టే కళ్ళు. ఇంట్లోని నొప్పి మాత్ర రేకు ఆకుపచ్చది. ఇక్కడ ఇస్తున్నది ఎర్రది. రెండింటి మీదా పేరు కింద చీమ తలకాయంత అక్షరాలు ఒకేలా ఉన్నాయి.

కింద అంతస్తులో మందులిచ్చే కిటికీ వెనక ఒక ఫార్మసిస్టు ఉన్నాడు. రిటైరవడానికి ఏడు నెలలున్న మనిషి, ముక్కు చివర కళ్ళజోడు. రెండు రేకులూ కిటికీలోంచి లోపలికి తోసి, "బాబాయిగారూ, ఇవి రెండూ ఒకటేనా?" అని అడిగింది.

ఆయన చూశాడు. "ఒకటే. కంపెనీ వేరు." తర్వాత జాబితా మొత్తం చదివాడు. చదువుతుంటే ఆయన నుదుటి మీద ముడతలు పెరిగాయి. "ఈవిడకి గుండె, కిడ్నీ రెండూ అంతంత మాత్రం అంటున్నారా? ఈ నొప్పి మాత్ర ఆ రెండింటికీ పడదమ్మా. ఒంట్లో నీరు నిలబడిపోతుంది. మొదట కాళ్ళు వాచాయా?"

"వాచాయి."

"ఇది వేసుకున్నాకేనా?"

కోడలు కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది. ఇదే ఆసుపత్రి ఇచ్చిన మాత్రకి ఆయాసం వచ్చింది. ఆయాసమని తెస్తే ఇదే ఆసుపత్రి అదే మాత్ర రంగు మార్చి మళ్ళీ ఇస్తోంది. "మీకు ఇవన్నీ తెలుసు కదా. మరి పైకొచ్చి ఎందుకు చెప్పరు?"

"నన్ను ఎవరు రమ్మన్నారమ్మా?" అన్నాడాయన. కోపంగా అనలేదు. "ఇరవై ఏడేళ్ళ నుంచి ఈ కిటికీలోంచి చేతులే చూస్తున్నాను."

ఏడో రోజు పొద్దున డాక్టర్లు వచ్చే వేళకి కోడలు అత్తగారి కాళ్ళ దగ్గర దుప్పటి మీద పంతొమ్మిది ఖాళీ రేకులు వరసగా పరిచింది. ఆ పనిలో ఉండగా వెనక నుంచి చిన్న గొంతు పిలిచింది. పద్నాలుగో నంబరు పెద్దావిడ. అరచేతిలో మూడు తెల్లమాత్రలు.

"ఇవి కూడా కాస్త చూడమ్మా. లేచినప్పుడల్లా కళ్ళు తిరుగుతున్నాయి."

మెట్ల దగ్గర డాక్టర్ల మాటలు వినపడుతున్నాయి. "సిస్టర్‌కి చెప్పండి పెద్దమ్మా" అంది కోడలు, వెనక్కి తిరక్కుండానే.

"అలాగేలే తల్లీ" అంది పెద్దావిడ.

గుండె డాక్టరు, కిడ్నీ డాక్టరు ఆ రోజు అనుకోకుండా ఒకేసారి వచ్చారు. వాళ్ళ వెనకే జనరల్ వార్డు పెద్ద డాక్టరమ్మ. పొట్టి మనిషి, సగం నెరిసిన జుట్టు, కాళ్ళకి రబ్బరు చెప్పులు.

"ఇదేంటండీ, సంతా?" అన్నాడు గుండె డాక్టరు రేకులు చూసి.

"అవునండీ, సంతే. ఎవరి దుకాణం వారిది. ఈ ఎర్రరేకు ఎవరిది?"

"అది ఎముకలవాళ్ళది."

"దీనివల్ల కాళ్ళు వాస్తాయని మీకు తెలుసా?"

"తెలుసు."

"దీనివల్ల కిడ్నీ దెబ్బతింటుందని మీకు తెలుసా?" కిడ్నీ డాక్టరు వైపు తిరిగింది.

"తెలుసు. ఎముకలవాళ్ళ పాత చీటీ చూసి, ఆపమని రాశాను."

"మీరు ఆపమన్నది ఆకుపచ్చ రేకు. అది ఇంట్లో ఉంది. వీళ్ళు ఇస్తున్నది ఎర్రది." ఎర్రరేకు ఎత్తి చూపించింది. "నేను బట్టలు కత్తిరిస్తానండీ. ఒకడు చెయ్యి ముక్క కత్తిరించి పోతాడు, ఒకడు మెడ ముక్క కత్తిరించి పోతాడు. కొలతలు ఎవరు తీశారు, కలిపి కుట్టేదెవరు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, మా వర్క్‌షాపులో సాయంత్రానికి పనిలోంచి తీసేస్తారు. ఇక్కడ మనిషండీ! నడుచుకుంటూ వచ్చిన మనిషిని ఆరు రోజుల్లో మంచానికి కట్టేశారు. గుండె బాగానే ఉందంటారు, కిడ్నీ ఫర్వాలేదంటారు. మరి మా అత్తయ్య ఎందుకు లేవట్లేదు?"

"మీరు కాస్త నెమ్మదిగా..." అన్నాడు గుండె డాక్టరు.

"నెమ్మదిగా ఆరు రోజులు మాట్లాడాను. గోడకి చెప్పుకున్నట్టయింది."

పెద్ద డాక్టరమ్మ రేకులన్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని అత్తగారి ఎదురుగా కూర్చుంది. వార్డులో డాక్టరు కూర్చోవడం ఆ వారం రోజుల్లో అదే మొదలు.

"అమ్మా, మీకేం కావాలి?"

అత్తగారు కోడలి వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగని ప్రశ్న కదా, తనని కాదేమో అనుకుంది. తర్వాత, "నా కాళ్ళ మీద నేను బాత్రూముకి పోవాలి. ఇంకోళ్ళు నా చీర ఎత్తకూడదు. ఈ రెండూ చెయ్యి తల్లీ, తర్వాత నూరేళ్ళు బతకకపోయినా నిన్నేమీ అనను" అంది.

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ నలుగురినీ తన గదికి పిలిపించింది. ఫార్మసిస్టుని కూడా పైకి రమ్మంది. పంతొమ్మిది మందులు తొమ్మిదయ్యాయి. నొప్పి మాత్ర, నిద్రమాత్ర ఆగిపోయాయి. ఇన్సులిన్ తగ్గింది, తిండి తర్వాతే అని రాశారు. రోజూ పూటకోసారి ఇద్దరు పట్టుకుని నడిపించడం మొదలెట్టారు. మొదటిరోజు నాలుగు అడుగులు. రెండోరోజు తలుపు దాకా. "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి" అని తనని తానే తోలుకుంటూ నడిచింది అత్తగారు. వార్డంతా నవ్వింది.

ఆ రెండోరోజు సాయంత్రం కోడలు పని నుంచి వచ్చేసరికి పద్నాలుగో మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది.

"పెద్దమ్మని పంపించేశారా?" అని అడిగింది.

అత్తగారు తల అడ్డంగా ఊపింది. "పొద్దున పది గంటలకి బాత్రూముకి లేచింది. రెండడుగులు వేసి అలా తూలిపోయిందే. తల మంచం కోడుకి కొట్టుకుంది. నేను అరిచాను. నా కాళ్ళుంటే పట్టుకునేదాన్ని." కొత్త దుప్పటి వైపు చూసి, "మధ్యాహ్నం పోయింది" అంది.

కోడలు ఆ మంచం పక్క నిలబడింది. అరచేతిలో మూడు తెల్లమాత్రలు, "అలాగేలే తల్లీ" అన్న మాట.

మర్నాడు ఫార్మసిస్టు చెప్పాడు. మూడూ బీపీ మాత్రలే. ఒకటి పాతది, ఒకటి గుండె డాక్టరుది, ఒకటి కిడ్నీ డాక్టరుది. "పడుకోబెట్టే బీపీ చూశారమ్మా. నిలబెట్టి ఒక్కసారి చూసుంటే తెలిసిపోయేది."

కోడలు నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్ళింది. "మా మంచానికీ ఆ మంచానికీ మధ్య ఆరు అడుగులండీ. మాది చక్కబెట్టిన మర్నాడే ఆవిడ పోయింది. అటు తిరిగి చూడాలని ఒక్కరికీ తోచలేదా?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను పక్కన పెట్టింది. "తోచలేదు" అంది. "మీరు అరిచారు, నేను విన్నాను. ఆవిడ అరవలేదు."

"అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది అమ్మ కాదు కదండీ, ఆసుపత్రి. అడక్కుండానే పెట్టాలి." అని, తర్వాత తనే, "నన్ను అడిగింది. నేనూ చూడలేదు" అంది కోడలు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కోపం ఎవరి మీదో ఆమెకే తెలీలేదు. తిలా పాపం తలా పిడికెడు. తన పిడికెడు తనకుంది.

రెండు పేజీల ఫిర్యాదు రాసింది. మొదటి పేజీ అత్తగారి గురించి, రెండోది పద్నాలుగో నంబరు గురించి. సూపరింటెండెంటు ఆఫీసులో గుమాస్తా మొదటి పేజీకి ముద్ర వేసి, రెండోది వెనక్కి ఇచ్చాడు.

"పద్నాలుగో మంచం మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"అయితే మీరు ఫిర్యాదు చెయ్యడానికి లేదండీ. ఆవిడ బంధువులే సంతకం పెట్టాలి."

కోడలు వాదించింది. గుమాస్తా రూలు పుస్తకం చూపించాడు. ఆమె పేజీ మడిచి సంచిలో పెట్టుకుంది.

వార్డు నర్సుని అడిగితే మేనల్లుడి దుకాణం ఎక్కడో చెప్పింది. షుగరు పడిపోయిన రోజున్న నర్సే. రూలు ప్రకారం చెప్పకూడదు, అయినా చెప్పింది. అది గడియారాలు బాగుచేసే కొట్టు. నిలువెత్తు అద్దం వెనక ఒక మనిషి, కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకుని ఉన్నాడు. పెళుసు మనిషిలా కనిపించాడు.

కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు మాత్రలూ, కళ్ళు తిరగడమూ, తనని చూడమని అడగడమూ, తను వెనక్కి తిరగకపోవడమూ. ఏదీ దాచలేదు.

అతను పట్టకారు కింద పెట్టాడు. "కాగితంలో 'వయోభారం వల్ల' అని రాసిచ్చారు. ఎనభై రెండేళ్ళు కదా, సరేలే అనుకున్నాను. నాలుగు రోజులైంది, ఇప్పుడిప్పుడే నిద్రపడుతోంది. ఇప్పుడొచ్చి ఇది చెప్పి ఏం సాధిద్దామని?"

"తెలీదు. మీకు తెలియాలనిపించింది."

"మా అత్త నన్ను పెంచింది. ఆదివారం తప్ప వెళ్ళలేకపోయాను. వెళ్ళినప్పుడల్లా 'నాకేం, బాగానే చూస్తున్నారు' అనేది." అతని గొంతు పెరిగింది. "మీ వాళ్ళు బతికారు కాబట్టి మీకు ఫిర్యాదులు రాసే ఓపికుంది. వెళ్ళండి."

కోడలు లేచింది. పేజీ బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. వీధి మలుపు దాకా వెళ్ళాక వెనక షట్టరు దించిన చప్పుడైంది. అతను పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చి ఆమెని కలుసుకున్నాడు. పేజీ చేతిలో ఉంది. "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

సూపరింటెండెంటు వాళ్ళని గురువారం పిలిచాడు. అత్తగారు అప్పటికి ఇంటికి వచ్చేసింది. నాలుగు కాళ్ళ నడిచే స్టాండు పట్టుకుని, మడమకి కట్టుతో, తనూ వస్తానని పట్టుబట్టింది. "ఎందుకులే అమ్మా" అన్నాడు కొడుకు. "నోర్ముయ్" అన్నారు అత్తాకోడళ్ళు ఒకేసారి. అతను నోరు మూసుకుని ఆటో పిలుచుకొచ్చాడు, అక్కడ చివరిదాకా పక్కనే నిలబడ్డాడు.

సూపరింటెండెంటు మర్యాదస్తుడు. మంచినీళ్ళు ఇప్పించాడు. "జరిగింది విచారకరం. వ్యవస్థలో లోపాలు..." అని మొదలెట్టాడు.

"వ్యవస్థ అంటే ఎవరండీ?" అంది అత్తగారు. "బస్సులో ఫుట్‌బోర్డు మీంచి ఒకడు పడితే నన్ను పిలిచి అడిగేవారు. వ్యవస్థని పిలిచేవారు కాదు."

డాక్టరమ్మ తను రాసుకొచ్చిన కాగితం ముందుపెట్టింది. డెబ్బై దాటి, రెండు మూడు జబ్బులున్న ప్రతి రోగికీ బాధ్యుడిగా ఒక్క డాక్టరు. చేర్చుకున్న రోజే ఇంటి మందులసంచి విప్పి చూడాలి. ఫార్మసిస్టు రోజూ వార్డుకి రావాలి. కళ్ళజోడు, చెవి మిషను మనిషి మీదే ఉండాలి, సొరుగులో కాదు. నడవగలిగినవాళ్ళని రోజూ నడిపించాలి. కట్టెయ్యడం మాట ఎత్తకూడదు. కొత్త మాత్ర రాసే ముందు పాతది ఏది ఆపవచ్చో చూడాలి. పక్కన కూర్చున్న ఫార్మసిస్టు, పద్నాలుగో నంబరు రికార్డులో తను చూసింది చూసినట్టు చెప్పాడు. రిటైరయ్యే ముందు ఇదేం తలనొప్పి అనుకోలేదు.

సూపరింటెండెంటు అంతా విని, "మంచిది. ముందు ఒక్క వార్డులో చేసి చూద్దాం. ఆరు నెలల తర్వాత మిగతావి" అన్నాడు.

"ఆ ఆరు నెలలూ మిగతా వార్డుల్లో పెద్దవాళ్ళేం చెయ్యాలి?" అంది కోడలు. "ఊపిరి బిగబట్టుకోవాలా?"

ఆయన సిబ్బంది లేరన్నాడు. అది నిజమే. నిజమైనంత మాత్రాన ఆమె కోపం తగ్గలేదు.

అప్పటిదాకా ఒక్కమాటా మాట్లాడని గడియారాలాయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "మీ వార్డుల సంగతి మీరు చూసుకోండి. నాకు ఇది మార్చివ్వండి. మా అత్త వయసు వల్ల పోలేదు. మూడు బీపీ మాత్రలకి కళ్ళు తిరిగి పడి పోయింది. అది రాయండి."

గదిలో అందరూ కాగితం వైపు చూశారు. అలా రాస్తే ఆసుపత్రికి చిక్కులొస్తాయని సూపరింటెండెంటు గొణిగాడు. డాక్టరమ్మ పెన్ను తీసింది. "నా వార్డులో పోయింది. నేను రాస్తాను" అని, పాత మాట కొట్టేసి, జరిగింది జరిగినట్టు నాలుగు వరసలు రాసి, సంతకం పెట్టింది. గడియారాలాయన రెండుసార్లు చదువుకుని, జేబులో పెట్టుకుని, ఎవరికీ నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. అత్తగారి మడమ మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంట్లో స్టాండు లేకుండానే తిరుగుతుంది, మెట్లు మాత్రం మళ్ళీ ఎక్కలేదు. ఆసుపత్రిలో రోజూ పదకొండు గంటలకి డాక్టర్లు, ఫార్మసిస్టు, నర్సు అందరూ కలిసి ప్రతి మంచం దగ్గరికీ రావడం ఇప్పుడు మూడు వార్డుల్లో జరుగుతోంది. ఫార్మసిస్టు రిటైరయ్యాక ఆయన చోట్లో వచ్చిన అమ్మాయి వార్డుల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. వార్డుకి నర్సులు ఇద్దరయ్యారు, ముగ్గురు కావాలి. మిగిలిన ఐదు వార్డుల్లో పాత కథే. ఎముకల డాక్టరు మోకాళ్ళ వరకే చూస్తున్నాడు.

కోడలు ఆ ఐదు వార్డుల గురించి సూపరింటెండెంటుకి మూడో ఉత్తరం రాసింది. ఈసారి గుమాస్తా సంబంధం అడక్కుండా అత్తగారు, గడియారాలాయన, షుగరు పడిపోయిన రోజున్న నర్సు, ఆ వీధిలో ముసలివాళ్ళున్న పదకొండు ఇళ్ళవాళ్ళు కింద సంతకాలు పెట్టారు. "కాస్త మెత్తగా రాయకూడదూ" అన్నాడు మొగుడు చదివి. అని, తనూ సంతకం పెట్టాడు.